నేను పాట ఎత్తుకున్న సద్దుల నాడు

నాకు బతుకమ్మ పాటలు ఇరవై రెండు వచ్చు. సగం సగం వచ్చినవి ఈ లెక్కలో లేవు. అయినా అరవై ఏడేళ్లు వచ్చేదాకా ఒక్క పాట కూడా నేను ఎత్తుకోలేదు. ఒకరు చరణం చెప్తే మిగతావాళ్లు అందుకోవాలి కదా, నేనెప్పుడూ ఆ మిగతావాళ్లలోనే. చప్పట్లు కొడుతూ, పాడే మనిషి ఎక్కడ తప్పుతుందా అని చెవులు రిక్కించి తిరిగేదాన్ని. పాటయ్యాక వెళ్లి ఆ తప్పు చెప్పేదాన్ని కూడా.

ఎల్బీ నగర్‌లో మా అపార్ట్‌మెంట్‌కు వచ్చి పదహారేళ్లు. అందులో పదిహేనేళ్లు రెండో అంతస్తు వదినే పాడింది. నిరుడు దీపావళి దాటాక వాళ్లు పెద్ద అంబర్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. ఈసారి సద్దుల బతుకమ్మ నాడు సెల్లార్‌లో కార్లు తీయించి ముగ్గు వేశాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి తెచ్చిన తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మలను మధ్యలో పెట్టాం. తీరా చూస్తే పాడే మనిషి లేదు.

అపార్ట్‌మెంట్ సెక్రెటరీ అప్పటికే డీజే బాక్సు తెచ్చి మూలన పెట్టాడు.

“పరేషాన్ కాకండమ్మా, పాటలన్నీ ఫోన్ల ఉన్నయి” అన్నాడు.

పక్క అపార్ట్‌మెంట్‌లో ఇట్లాగే ఒక్కసారికని పెట్టారు. ఇప్పుడు అక్కడ పాడమంటే ఎవరికీ రెండు చరణాలు రావు. మా దగ్గరా అదే అవుతుందని నాకు దిగులు పట్టుకుంది.

“నువ్వు పాడు పెద్దమ్మా” అంది కింది ఇంటి కోడలు.

“నాతోని కాదు బిడ్డా.”

“పదిహేనేండ్లు ఆమెకు తప్పులు చెప్పినవు గద!” అంది నా ఈడుదే, పక్క ఫ్లాటామె. “ఇప్పుడేమైంది నోటికి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ రెండడుగులు వెనక్కే వేశాను. పాట రాక కాదు. నలభై మంది ఆడవాళ్ల మధ్య తప్పుతానేమోనని.

సెక్రెటరీ వైరు తీసి ప్లగ్గులో పెట్టాడు. అది చూసి ఎత్తుకున్నాను.

మరీ పైకి ఎత్తుకున్నాను. రెండో చరణంలో గొంతు చీలి గాలి తప్ప ఏమీ రాలేదు. తిరిగేవాళ్లంతా ఆగిపోయారు.

“కొంచెం కిందకి ఎత్తుకోండి పిన్నిగారూ, మేమూ అందుకోవాలిగా” అంది పోయినేడు విజయవాడ నుంచి వచ్చిన అమ్మాయి.

అంతే. మళ్లీ మొదటి నుంచి, కింద గొంతుతో ఎత్తుకున్నాను. నలభై గొంతులు వెనకాలే వచ్చాయి.

మూడో పాటలో ఒక చరణం ఎగిరిపోయింది. నాకు అన్నిటికంటే బాగా వచ్చిన పాట అది. అడుగులు ఆగడం లేదు, చప్పట్లు నాకోసం చూస్తున్నాయి. నోటికి వచ్చింది అనేశాను.

“పక్కింటి మా యక్క ఉయ్యాలో, పప్పు మాడ్చి వచ్చె ఉయ్యాలో!”

ఆ సాయంత్రం మాడిన వాసన మా అంతస్తంతా కొట్టిన మాట నిజమే. అందరూ పగలబడి నవ్వుతూనే అందుకున్నారు.

“ఓసీ! గది పాటల ఉన్నదానే?” అని అరిచింది పక్క ఫ్లాటామె, చప్పట్లు మాత్రం ఆపలేదు.

“ఈ యేటి సంది ఉన్నది” అని తర్వాతి చరణంలోకి వెళ్లిపోయాను.

నాలుగో పాటప్పుడు వైరు మా కాళ్లకు అడ్డం పడుతోందని సెక్రెటరీయే దాన్ని తీసి చుట్టేశాడు. నేను గుక్కెడు నీళ్లు తాగి ఐదోది ఎత్తుకున్నాను, ఇంకొంచెం కింద నుంచి.