నీళ్ల గ్లాసు మీద మూత

పిల్లలు ఆవిడకు పెట్టుకున్న పేరు మెల్లి టీచరు. గొంతు పెంచి ఎరగదు. భర్త పోయాక అత్తగారు పట్టుబట్టి చదివిస్తే, బళ్లో ఇంగ్లిషు చెప్పే తాత్కాలిక ఉద్యోగంలో చేరింది. అది ఉంటుందో ఊడుతుందో ఆ రోజు పాఠం విని తనిఖీ అధికారి తేల్చాలి. పాఠం పాసివ్ వాయిస్. చిన్నప్పుడు ఆవిడ బెంచీ ఎక్కి నిలబడింది ఆ పాఠానికే.

"వేటగాడు పులిని చంపాడు. పులి వేటగాడి చేత చంపబడింది" అని వంటింట్లో వల్లె వేస్తూనే ఉంది.

"చచ్చిన పులికి కూడా ఇంత భయపడతావేమిటే?" అంది అత్తగారు, టిఫిను డబ్బా చేతికిస్తూ. "దేవుడున్నాడు, వెళ్లిరా."

డబ్బా అందుకుని, పులిని వల్లె వేస్తూనే గడప దాటింది.

తరగతిలో అడుగుపెట్టేసరికి వెనక బెంచీలో అధికారి కూర్చుని ఉన్నాడు.  ఆవిడ నోరు పిడచగట్టుకుపోయింది. పులీ గుర్తు లేదు, వేటగాడూ గుర్తు లేడు. వేళ్ల మధ్య సుద్దముక్క పుటుక్కున విరిగింది.

"మొదలుపెట్టండమ్మా" అన్నాడాయన.

ఇంకో ముక్క కోసం బల్ల మీద తడిమింది. చేతికి చల్లగా గ్లాసు తగిలింది. నిండా నీళ్లు, పైన మూత. రోజూ అక్కడ గ్లాసు ఉండదు. బోర్డు కూడా తడిబట్టతో తుడిచినట్టు నల్లగా మెరుస్తోంది. గుమ్మం అవతల ఆయా చీపురు పట్టుకుని, ఇటు చూడనట్టే నిలబడింది. నిన్న ఖాళీ బెంచీల ముందు ఈ పాఠమే చెప్పి చూసుకుంటూ టీచరు కళ్లు తుడుచుకోవడం చూసింది ఆ ఆయా ఒక్కర్తే.

రెండు గుక్కలు తాగి, 'ద గ్లాస్ వాజ్ ఫిల్డ్' అని బోర్డు మీద రాసింది. అక్షరాలు వంకరపోయాయి.

"గ్లాసు నింపబడింది. ఎవరు నింపారో మనం చూళ్లేదు. అయినా పని జరిగింది కదా! ఆ జరిగినదాన్నే ముందు పెట్టి చెప్తాం. అదే పాసివ్ వాయిస్."

"ఎవరో తెలిస్తే, టీచర్?" ముందు బెంచీ పిల్ల అడిగింది.

"చివర 'బై' అని పెట్టి చెప్తాం."

"నేను చూశా టీచర్! బై ఆయమ్మ!"

"బై ఆయమ్మ!" తరగతంతా ఒక్కటే గోల. ఆయా కొంగు నోటికడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకుంది. అధికారి మాత్రం నవ్వలేదు. 

గంట కొట్టాక ఆయన బల్ల దగ్గరికొచ్చాడు. "చేతులు ఇంకా వణుకుతున్నాయేంటమ్మా?"

"భయమండీ."

"రేపు కూడా భయపడుతూనే రండి. పిల్లలకి అర్థమవుతోంది."

ఆయన వెళ్లాక మిగిలిన నీళ్లు తాగబోయింది. సగం చీర మీదే ఒలికిపోయాయి.