మేస్త్రి మెచ్చిన మోనే

గోడలకు రంగులు వేసే మేస్త్రికి మోనే అంటే ప్రాణం. పాత క్యాలెండరు నుంచి కత్తిరించిన ఆ ఫ్రెంచి చిత్రకారుడి కలువల కొలను మంచం ఎదుట అతికించుకున్నాడు. అన్నం తింటూ దాన్నే చూస్తాడు. "రంగులు పక్కపక్కన పెట్టి వదిలేశాడు చూడు. కలుపుకునే పని మన కంటిదే," అని భార్యకు చెబుతాడు. తను కలిపిన రంగును మాత్రం బొటనవేలి గోరు మీద చుక్క పెట్టి, వెలుతురులో చూసుకుంటాడు.

ఈమధ్య ఆ గోరు ముక్కు దాకా వస్తోంది. శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. ఉన్న చూపూ పోతుందేమోనని మేస్త్రి భయం. ఒకరోజు పనికి వెళ్లిన ఇంట్లో తెల్లగోడ మీద పెచ్చు ఊడినచోట రంగు వేసి, తేడా తెలియడం లేదని మురిసిపోయాడు. పక్కనే గోడ రుద్దుతున్న భార్య బుగ్గలు నొక్కుకుంది.

"మీగడ రంగు పూశావేంటయ్యా?"

"మోనేకీ శుక్లాలే. అలాగే ఏళ్లపాటు బొమ్మలు వేశాడు," అన్నాడు బింకంగా.

"చివరికేం చేశాడు?"

మేస్త్రి కుంచె దులిపాడు. "ఆపరేషన్ చేయించుకున్నాడు. చూపొచ్చాక పాతవి కొన్ని దిద్దుకున్నాడు."

"నీకేం రోగం మరి?"

మేస్త్రి కుంచె పక్కన పెట్టి, చేతులు కడుక్కున్నాడు. ఆ ఇంటి యజమానురాలిని పిలిచి, "ఈ గోడ ఎవరినీ ముట్టుకోనివ్వకండమ్మా. కన్ను బాగయ్యాక నేనే దిద్దుతాను," అని చెప్పి, భార్య వెంట ఆసుపత్రికి నడిచాడు.