కాళ్ల నుంచి కొమ్ముల దాకా ఒక అడవిదున్న

ఆ రోజు పొద్దున బచేలీలోని మా మొబైల్ రిపేరు కొట్లో ఒక ఫోను వెనక మూత బిగిస్తున్నాను. స్క్రూ జారి పడింది. తీసి పెట్టాను, మళ్లీ పడింది. ఈసారి స్క్రూడ్రైవరే పడింది. తప్పు స్క్రూదేనని తేల్చి టీకి వెళ్లాను. టీ గ్లాసు కూడా పడ్డాక, ఊళ్లో వస్తువులన్నీ కలిసి నా మీద కక్ష కట్టాయని నమ్మడం కొంచెం కష్టమైంది.

అరికాళ్లలో అప్పటికే తిమ్మిరిగా ఉంది. అంతకుముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి కాబట్టి నీరసమే అనుకున్నాను. సాయంత్రం పక్క ఊరు కిరందుల్‌లో, గనివాళ్లు నాన్నకిచ్చిన మా క్వార్టరు మెట్లు ఎక్కబోతే మోకాళ్లు ఒప్పుకోలేదు. కూర్చుండిపోయాను.

"ఏట్రా, మెట్ల మీద కూకున్నావు?" అంది అమ్మ.

"గాలి బాగుందమ్మా."

"ఇక్కడ గాలెక్కడుందిరా, ఇనప గని దుమ్ము తప్ప? లెగు."

లేవలేకపోయాను. నాన్న షిఫ్టు నుంచి వచ్చేసరికి నేను పక్కింటివాళ్ల చేతుల్లో ఊరేగుతున్నాను.

ఆస్పత్రిలో డాక్టరుగారు చిన్న సుత్తితో నా మోకాలి మీద కొట్టారు. కాలు కదల్లేదు. "రిఫ్లెక్సెస్ లేవు. ఇప్పుడే వైజాగ్ బయలుదేరండి" అన్నారు. "సముద్రం చూడాలని చాన్నాళ్లుగా ఉంది సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. అప్పుడు భయమేసింది.

వైజాగ్‌లో నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. నరానికి చిన్న షాకిచ్చి కరెంటు అవతలికి చేరుతోందో లేదో చూడటం. ఫోను బోర్డు మీద నేను రోజూ చేసే పనే. ఈసారి టేబుల్ మీదున్న బోర్డు నేనే. తర్వాత వెన్నులోంచి నీరు తీశారు. న్యూరాలజిస్టు మేడమ్ నెమ్మదిగా చెప్పారు.

"ఇది గులియన్ బారే సిండ్రోమ్. జీబీఎస్ అంటాం. నీ ఇమ్యూనిటీ నీ నరాల మీదే దాడి చేస్తోంది. కాళ్ల దగ్గర మొదలై పైకి ఎక్కుతుంది. ఊపిరి దాకా రాకుండా చూడాలి."

"వస్తే?"

"వెంటిలేటర్ పెడతాం. చాలామంది కోలుకుంటారు. టైం పడుతుంది."

ఐసీయూలో ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు. మాటిమాటికీ వచ్చి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. ఎక్కడ ఆగిపోతానో దాన్నిబట్టి ఛాతీ కండరాల బలం తెలుస్తుందట. చిన్నప్పుడు ఎక్కాలకు ఇంత మంది శ్రోతలు దొరకలేదు నాకు. కాస్త మెరుగయ్యాననుకునేలోపు మళ్లీ దిగజారాను. "ఫ్లక్చువేషన్ అంటాం, కొందరికి అవుతుంది" అని ఇంకో విడత ఎక్కించారు. రోగం ఊపిరి దాకా రాకుండానే ఆగింది. డిశ్చార్జి రోజు మేడమ్ అన్నారు: "నడక వస్తుంది. వేళ్లు ఎంతవరకు వస్తాయో ఇప్పుడే మాట ఇవ్వలేను."

నడక లేకపోయినా కొట్లో కూర్చోవచ్చు. వేళ్లు లేకపోతే ఆ కొట్లో నేను కస్టమర్ని మాత్రమే.

ఇంటికొచ్చేసరికి చలికాలం మొదలైంది. ఫిజియోథెరపిస్టుది ఎర్రబోరు అనే ఊరు. నా వయసువాడే. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడు.

"ఏంది భయ్యా, నువ్వు బంతిని నొక్కుతున్నవా, బంతి నిన్ను నొక్కుతున్నదా?"

"ఇద్దరం రాజీపడ్డాం."

"నీకు ఇష్టమైన పనేదన్న చెయ్యి. బంతితోటి విసుగొస్తది."

అమ్మ ఆ మాట వింది. లోపలికెళ్లి పెట్టె తెరిచి నా పాత స్వెటరు తెచ్చింది. పసుపురంగు ఊలు, ఛాతీ నిండా నల్లటి అడవిదున్న. దాని కాళ్లకు మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు.

మా చిన్నప్పుడు చలికాలం మధ్యాహ్నాలు క్వార్టర్ల వెనక ఎండలో నులకమంచాలు పడేవి. ఒడియా, బెంగాలీ, మలయాళం, మన తెలుగు, అన్ని భాషల ఆడవాళ్లూ ఊలు ఉండలతో చేరేవారు. అల్లిక మాత్రం హిందీలోనే సాగేది. సూదిని సలాయి అనేవారు, ముడిని ఫందా అనేవారు, ఒక వరస సీధా అయితే తర్వాతది ఉల్టా. విజయనగరం వైపు పుట్టి స్వెటరనేది సినిమాల్లో మాత్రమే చూసిన మా అమ్మ కూడా అక్కడే నేర్చుకుంది. బొమ్మలు వేయడం మాత్రం పక్క క్వార్టరులో ఉండే హిమాచల్ ఆంటీకే వచ్చు. అందరి పిల్లలూ బాతులూ పువ్వులూ అడిగారు. నాన్న కొండ దారిలో ఒకసారి అడవిదున్నను చూశానని చెప్పడంతో నేను అదే కావాలని ఏడ్చాను. ఆంటీ దాన్ని ఎన్నడూ చూడలేదు. అందుకే నా దున్న ముఖం అచ్చం వాళ్లూరి పాడి ఆవులా ఉంటుంది.

స్వెటరు బిగుతైతే పారేసేవాళ్లు కాదు. ఊడదీసి, ఊలు ఉతికి, కొంత కొత్తది కలిపి మరుసటేడు పెద్దది అల్లేవాళ్లు. అలా నాతోపాటు దున్న కూడా ఎదిగింది. ఆంటీ వాళ్లాయన రిటైరై వాళ్లు తమ ఊరికి వెళ్లిపోయాక బొమ్మ వేసేవాళ్లు లేక ఆ చివరి స్వెటరు అలాగే మిగిలింది.

"ఊడదియ్" అంది అమ్మ.

"ఇదా? ఇన్నాళ్లూ దాచావు కదమ్మా."

"దాసింది సూసుకోడానికేటి? నీ యేళ్లు ఆడాల."

ముందు ఫోటో తీసి, తర్వాత దారం లాగాను. ఒక్కో వరసా విడిపోతుంటే గుండె బరువెక్కాల్సింది. కలరా ఉండల ఘాటుకి తుమ్ములొచ్చాయి.

అమ్మ ఊలు ఉతికి పెరట్లో తీగ మీద ఆరేసింది. గాలి గని వైపు నుంచి వీస్తే ఈ ఊళ్లో తెల్లబట్ట బయట ఆరేయరు. వైజాగ్‌లో నెలలు గడిపి ఆ సంగతే మరిచిపోయింది. సాయంత్రానికి తెల్ల ఊలు ఇటుకరంగుకి తిరిగింది. "కర్మ! లోపల ఆరెయ్యాలని మర్సిపోనాను" అని తల పట్టుకుంది. మళ్లీ ఉతికినా పోలేదు. దున్న మేజోళ్లు ఎర్రవైపోయాయి.

స్వెటరు కిందినుంచి అల్లుతారు, కాబట్టి కాళ్లే ముందు. రోగం వచ్చిన దారే. ముడులు అమ్మ దగ్గర నేర్చుకుని, పాత ఊలుకి కొంత కొత్త పసుపూ నలుపూ కలిపి, ఫోటో పెద్దది చేసుకుని గడి గడీ చూస్తూ మొదలుపెట్టాను. సలాయి పడేది, అమ్మ తీసిచ్చేది. ఆంటీకి వీడియో కాల్ చేస్తే ముందు ఏడ్చారు, తర్వాత నా అల్లిక చూసి ఏడుపు ఆపేశారు.

"బేటా, దున్న బురదలో దిగిందా? సరే, దిగనీ. కానీ ధాగా ఖీంచో మత్!"

దారం లాగొద్దని. రెండు రంగులతో అల్లేటప్పుడు, అవసరం లేని రంగు వెనక నుంచి వదులుగా సాగాలి. బలం వస్తోందన్న సంబరంలో నేను బిగించి లాగాను. బొమ్మ ముడుచుకుపోయింది.

"దున్నేటిరా, పంది ఇది" అంది అమ్మ.

ఊడదీశాను. మళ్లీ అల్లాను. ఒక రోజు చేతులు చాలా బాగున్నాయి. పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఆపకుండా దున్న పొట్ట మొత్తం అల్లేశాను. మర్నాడు చెంచా పట్టుకోలేకపోయాను. రోగం తిరిగి వచ్చిందనుకున్నాను. ఆ రోజు ఒక్క జోకూ వేయలేదు. అమ్మ అన్నం కలిపి నోట్లో పెడుతూ నా ముఖం వైపు చూడలేదు.

మేడమ్ ఫోనులో అన్నీ అడిగి తెలుసుకున్నారు. "తిరగబెట్టినట్టు లేదు. ఇది ఫెటీగ్. అయినా ఒకసారి వచ్చి చూపించుకో" అన్నారు. వెళ్లాం. ఫెటీగే. ఫిజియోథెరపిస్టు ఇంకా సూటిగా చెప్పాడు: "నరం ఏమన్న కాంట్రాక్టు కూలా భయ్యా, ఓవర్‌టైం చేయించనీకి?"

కొమ్ములు వానాకాలంలో పూర్తయ్యాయి, స్వెటరుతో ఎవరికీ పని లేని రోజుల్లో. అయినా వేసుకున్నాను. అమ్మ వెనక్కి జరిగి చూసి, "మీ నాన్న సూసిన దున్నకి మెల్లకన్ను ఉండేదేటి?" అంది.

ఇప్పుడు కొట్టుకి వెళ్తున్నాను. కుడి బొటనవేలి కొసలో స్పర్శ పూర్తిగా రాలేదు. అతి చిన్న స్క్రూలు మాత్రం తమ్ముడిలాంటి పనివాడికి ఇస్తాను, మిగతావి నేనే బిగిస్తాను.

ఈ జబ్బు నుంచి లేస్తున్నవాళ్లకు ఒక్క మాట. ఒంట్లో బాగాలేని రోజు మనం ఎలాగూ జాగ్రత్తగానే ఉంటాం. బాగున్న రోజే ప్రమాదం. ఆ రోజు ఇంకా చేయగలమనిపించినప్పుడే పని పక్కన పెట్టేయండి. ఇంకో పేజీ రాయగలమని నా వేళ్లు అంటున్నాయి. అందుకే ఇక్కడ ఆపుతున్నాను.