సీనియర్ వదిలిన ప్రోగ్రాం

ఆనర్స్ ప్రాజెక్టుగా గైడ్ మేడం ఒక అమ్మాయికి అప్పగించింది, రోడ్డు ప్రమాదంలో పోయిన సీనియర్ సగంలో వదిలేసిన ప్రోగ్రాం. ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసి జబ్బుందో లేదో చెప్పాలది. ల్యాబ్‌లో అతని కుర్చీ ఖాళీగానే ఉన్నా, ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చునేది. లైన్ల మధ్య అతను తనకోసం రాసుకున్న మాటలు కనిపించేవి: ‘ఇక్కడ నాకే తికమకగా ఉంది, రేపు చూడాలి.’ చదివినప్పుడల్లా అలవాటుకొద్దీ "ఏం రాశావన్నా ఇది?" అని పైకే విసుక్కునేది. అలా అని, జవాబు వస్తుందేమోనన్నట్టు కాసేపు ఆగేది. ఒక మధ్యాహ్నం తప్పు బయటపడింది. ప్రోగ్రాంకి నేర్పడానికి వాడిన ఎక్స్‌రేలే దాన్ని పరీక్షించేవాటిలోనూ కలిసిపోయాయి. అంటే అది ముందే చూసినవాటినే గుర్తుపడుతోంది; దాదాపు తప్పే లేకుండా జబ్బును పడుతుందని అతనికి అంత పేరు తెచ్చిన ఫలితం ఉత్తదే.

చెప్పాలా వద్దా అని గింజుకుని, చివరికి మేడం గదికి వెళ్లింది. ఆవిడ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని అంతా విన్నది.

"నాకు తెలుసమ్మా. ప్రమాదం జరిగిన రోజు ఇదే గదిలో అతనికి చెప్పింది నేనే. కాస్త గట్టిగానే అన్నాను. వెంటనే లేచి బండి తీసుకుని వెళ్లిపోయాడు."

"మరి తెలిసీ నాకెందుకిచ్చారు మేడం?"

"ఇంకెవరైనా కనిపెడితే, ఈ మాట ఒకరికైనా చెప్పుకోవచ్చనుకున్నాను. నువ్వు మాత్రం దాచకు. రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయి."

సరేనని లేచిన ఆ అమ్మాయి తలుపుదాకా వెళ్లింది. ఆవిణ్ని ఆ గదిలో ఒంటరిగా వదిలి వెళ్లలేక, వెనక్కొచ్చి మళ్లీ కూర్చుంది.