నైరుతి మూల బెజ్జం

మా ఇంటి స్థలం కొన్నప్పుడే అడిగాను, ఇంత పల్లం ఏమిటని. చీపురుపల్లిలో స్టేషనుకు ఇంత దగ్గరలో ఇంకెక్కడ దొరుకుతుందని మా ఆయన నా నోరు మూయించాడు. పల్లమైతే పల్లమే, నీళ్లు పోయే దారైనా ఉంటే సరిపోయేది. వెనకాల నైరుతి మూలన ప్రహరీగోడ, గోడ దాటితే గెడ్డ పారుతుంది. వీధిలో వాననీళ్లన్నీ చివరికి ఆ గెడ్డలోకే పోతాయి. మావి మాత్రం పోకూడదు. వాస్తు ప్రకారం ఇంట్లో నీరు ఈశాన్యం నుంచే బయటికి వెళ్లాలట. నైరుతిలో బెజ్జం పడితే ఇంటి యజమానికి ప్రాణగండమట.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మా ఆయన ఆ నీటికే దారి చెప్పబోయాడు. పునాది చుట్టూ సిమెంటు కాలువ కట్టించి, ఈశాన్యం వైపు వాలు కోసం అక్కడ మోకాలి లోతు తవ్వించాడు. తవ్వితే ఏం లాభం? ఆ మూల బయటున్న వీధి కాలువ మా కాలువ కంటే ఎత్తు. గట్టి వాన పడితే వీధి నీళ్లే లోపలికి తన్నుకొచ్చేవి. మా కాలువ నిండి పొర్లి, పొర్లిన నీరంతా నేల వాలున నైరుతి మూలకి చేరి, పునాదిని పట్టుకుని రోజుల తరబడి నిలిచిపోయేది.

ఆ మూలనున్నది మా పడకగది. యజమాని నైరుతి గదిలోనే పడుకోవాలి కాబట్టి ఆయన మంచం అక్కడే. గోడకు మంచం ఎత్తు దాకా చెమ్మ. సున్నం పెచ్చులు దుప్పటి మీద రాలేవి. ఆయనకు మొదటినుంచీ ఆయాసం. వానాకాలం వస్తే గొంతులో పిల్లికూతలు, తలగడలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని కూర్చునే తెల్లవార్చేవాడు. విజయనగరం డాక్టరు ఆ గది మానేయమన్నాడు.

"మంచం ముందుగదిలో ఎయ్యనా?" అన్నాను.

"యజమాని ఈ గది ఒగ్గేసి ఎల్తే ఇల్లు నిలబడదే."

"ఇల్లు నిలబడతాది సరే, నువ్వు నిలబడక్కర్నేదా మావా?"

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కాలువ బాగుచేయించిన ప్రతిసారీ పాత తప్పునే కొత్త సిమెంటుతో చేయించాడు. ఒకసారి గచ్చు పగలగొట్టి, కంకర పోసి పైపు కూడా వేయించాడు. ఒక్క వానాకాలానికే ఆ పైపు నిండా బురద పట్టింది.

పోయినేడు తుఫానుకు ఆయాసం ముదిరి ఆయన్ని విజయనగరం ఆసుపత్రిలో పెట్టాం. దగ్గర ఆయన అక్క కూర్చుంది. మా ఇంటికి ఈ వాస్తు భయం తెచ్చిందే ఆవిడ. నేను బట్టలకని ఇంటికొచ్చేసరికి నీళ్లు గడపను తాకుతున్నాయి. ఆయన మంచం పక్కన గోడ మీద చెయ్యేస్తే తడి గోనెసంచిలా ఉంది. ఆయన్ని మళ్లీ ఈ గదికేనా తీసుకొచ్చేది అనుకుంటే ఏడుపొచ్చింది. తాపీమేస్త్రిని పిలిచి నైరుతి మూల ప్రహరీకి బెజ్జం కొట్టమన్నాను.

"అయ్యగారు నేకుండా నాను కొట్టనమ్మా. రేపేటైనా అయితే నా సెయ్యంతారు," అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

పెరట్లో గునపం ఉంది. నేనే అందుకున్నాను. నానిన ఇటుకలు, ఇట్టే ఊడొచ్చాయి. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా నీళ్లన్నీ గెడ్డలోకి పోయి పునాది బయటపడింది. ఇంత సులువైన పనికా ఇన్నేళ్లు ఏడిచాం అని తడి బట్టల్లోనే కూర్చుని ఆయన్ని కడుపునిండా తిట్టాను.

ఆయన ఇంటికొచ్చిన రోజు తిన్నగా పెరట్లోకి వెళ్లి బెజ్జం ముందు చాలాసేపు నిలబడ్డాడు. వంటింటి గుమ్మంలో నేను జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన నన్ను దాటుకుని గదిలోకి వచ్చి గోడ మీద అరచెయ్యి ఆన్చి చూశాడు.

"ఆరతన్నాది," అన్నాడు.

అంతే. మూసేయమనలేదు. ఆ గదిలో ఆయన ఒక్క తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోయిన రాత్రులు కొన్ని ఉన్నాయి. నాకు మిగిలినవి అవే. చలికాలంలో ఆయాసం తిరగబెట్టింది. మళ్లీ అదే ఆసుపత్రి. ఈసారి శవాన్ని తీసుకొచ్చాం.

దినాలైనా కాకముందే వాళ్లక్క పెరట్లో ఆ బెజ్జం దగ్గర కూలబడి ఏడవడం చూశాను. ఇక ఊరంతా నన్నే అంటుంది, మొగుణ్ణి మింగిందని. అననీ. తడిగోడ పక్కన పడుకోబెడితే మీ వాస్తు బతికించేదా అని అడుగుదామని నడుం బిగించి ఆవిడ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఒద్దన్నా ఇన్నేదట గదే. మొన్న ఆసుపత్రిలో సెప్పినాడు. నానే కొట్టించినానప్పా, దాన్నేటీ అనకు అన్నాడు. ఆడి సావు ఆడే తెచ్చుకున్నాడు. నిన్నేటంటాను."

ఆ బెజ్జం తన ప్రాణం తీస్తుందని ఆయన గట్టిగా నమ్మాడు. నమ్మి కూడా దాన్ని తెరిచే ఉంచాడు, నింద నా మీదికి రాకుండా ముందే అడ్డం పడ్డాడు. కొట్టింది నేను వదినా అని చెప్పబోయి ఆగిపోయాను. చెబితే ఆయన నాకోసం ఆడిన ఆఖరి అబద్ధం కాస్తా పోతుంది. నేనూ ఆవిడ పక్కనే కూలబడ్డాను.