ఉప్పు తిన్న గంధర్వుడు

ఈ మధ్య తిరుపతిలో మధ్యాహ్నం పూట కరెంటు పోయిందంటే నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. బయట వడగాలి కిటికీ రెక్కల్ని బాదుతుంటే, హాల్లోంచి బాల్కనీకీ అక్కణ్ణుంచి వంటింటికీ ఊరికే తిరుగుతుంటాను. మోకాళ్ళకు నడక మంచిదేలే అనుకుంటుంది మా కోడలు. ఇంట్లో పిల్లలకు చెప్పలేదు గానీ నా ఈడు వాళ్ళకు చెబితే నవ్వినా అర్థం చేసుకుంటారు: మా ఆయన మనుషుల్లో పుట్టినవాడు కాదు.

నాకు మొదటి ఉద్యోగం ఏర్పేడు అవతల, కొండ వెనకున్న చిన్న పల్లె బడిలో. నేను అద్దెకున్న ఊరికీ ఆ పల్లెకూ మధ్య ఒక కనుమ, అందులో సన్నగా పారే వంక. ఇంటి యజమానురాలైన అవ్వ నన్ను మొదటిరోజే హెచ్చరించింది, మిట్టమధ్యాహ్నం అక్కడ నిలబడొద్దని, గంధర్వులు దిగే చోటని. కానీ ఎండాకాలం ఒంటిపూట బడి వదిలితే నేను ఆ కనుమలోకి వచ్చేది మిట్టమధ్యాహ్నమే.

వంక గట్టున బండ మీద కూర్చుని ఉండేవాడు ఆయన. మాట మా అందరి మాదిరే ఉండేది, దారిన పోయేవాళ్ళను విని నేర్చుకున్నాడట. ఆకలంటే ఎట్లుంటుందని, మాటిమాటికీ గడియారం ఎందుకు చూసుకుంటావని అడిగేవాడు. ఆ కళ్ళు రెప్ప వేయవని నేను గమనించేటప్పటికే ఆయన ఎదుట కూర్చోవడం నాకు అలవాటైపోయింది. పొద్దున బోర్డు మీద లెక్కలు తప్పుగా వేసి, ఎప్పుడు బడి వదులుతారా అని పిల్లలకంటే నేనే ఎక్కువ ఎదురుచూసేదాన్ని.

అంతలో చిత్తూరులో సంబంధం చూసినానని నాయన కబురు పంపించారు. ఏం చేయాలో తోచక అంతా అవ్వతో చెప్పుకున్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఉప్పు తినరు వాళ్ళు, అమ్మణ్ణీ. తింటే మన మాదిరే ముసలోళ్ళయి పోవాల్సిందే. ఆలోచించుకో."

మర్నాడు పెరుగన్నం క్యారేజీ ఆయన ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. తింటే ఇక వెనక్కి పోలేవు, నేను మాత్రం తినమని చెప్పను అన్నాను. ఆయన చాలాసేపు కొండ వైపు చూశాడు.

"ముసలితనం నొప్పిగా ఉంటాదా?"

"నాకేం తెలుసు, నేనింకా ఆడికి పోలేదే."

నవ్వి, ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆ రుచికి ముఖమంతా ముడుచుకుపోయి, మొదటిసారి ఆయన కనురెప్పలు వాలాయి.

ఏ ఊరు, ఎవరి కొడుకు అని అడిగి అడిగి జవాబు రాక నాయన మాతో చాన్నాళ్ళు మాటలు మానేశారు. మేం తిరుపతిలో కాపురం పెట్టాం. కూర్చుని చేసే పని ఏదీ చేతకాక ఆయన చిత్తూరు బస్సులో కండక్టరుగా కుదిరాడు. జ్వరం వచ్చినా వింతే ఆయనకు, మొదటి తెల్లవెంట్రుకను అద్దంలో చూసుకుని పిల్లాడిలా మురిసిపోయాడు. నేను మాత్రం వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆషాఢం గాలి మొదలైతే వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు, పిలిచినా వినపడేది కాదు. ఒకసారి ఓర్చుకోలేక, పోవాలనుంటే పో, నేనేమీ అనుకోను అనేశాను.

"తిరిగేది కాళ్ళే, నేను ఈడనే ఉండాను," అన్నాడు.

అందరిలాగే ముసలివాడై, అందరిలాగే ఆయాసంతో నా చేయి పట్టుకుని పోయాడు. ఉప్పంతా ఒంటితోనే కాలిపోయి ఉంటుంది, ఆయన మళ్ళీ ఆ కనుమకే చేరుకుని ఉంటాడని నన్ను నేను సముదాయించుకుంటూ వచ్చాను.

పోయిన నెల గూడూరులో పెళ్ళికి కారులో పోతూ ఆ దారిన తిప్పించాను. కొండను పగలగొట్టి వెడల్పాటి రోడ్డు వేశారు, వంక రోడ్డు కింద గొట్టంలోకి పోయింది. మా కాలంలో అక్కడికి వస్తే మాట తగ్గించి, తల వంచుకుని నడిచేవాళ్ళం. ఇప్పుడు బండ్లు మిట్టమధ్యాహ్నం పాటలు పెట్టుకుని దూసుకుపోతున్నాయి, ఎవరికీ భయం లేదు. మంచిదే కావచ్చు. నేను మాత్రం అద్దం దించి, ఆ ఎండలో ఆయన నిలబడడానికి ఎక్కడైనా ఇంత చోటు మిగిలిందా అని రెండు వైపులా వెతుక్కుంటూ పోయాను.