అమ్మమ్మ చీర రంగు

ఫోన్‌లో ఫొటోలు దిద్దడం నాకు రెండేళ్ల కిందట పట్టుకున్న పిచ్చి. లక్సెట్టిపేట బస్టాండు ఫొటోలోంచి జనాన్ని చెరిపేసేదాన్ని. ఎండకు మాడిపోతున్న గోదావరి మీదికి మబ్బులు తెచ్చి పెట్టేదాన్ని. ఎవరూ మెచ్చుకోకపోతే నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

అలా ఒకరోజు నా కళ్లు మా అవ్వ, అంటే మా అమ్మ, బైబిల్లో దాచుకున్న నలుపు తెలుపు ఫొటో మీద పడ్డాయి. అమ్మమ్మది అదొక్కటే ఫొటో. చర్చి మెట్ల మీద నిలబడి ఉంటుంది. అవ్వకు నాలుగేళ్లప్పుడే ఆమె పోయింది. తల్లి గురించి తనకేమీ గుర్తు లేదని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, అదేదో తన తప్పైనట్టు చెప్పేది అవ్వ.

ఫొటో మీది మడతలు చెరిపాను. ముఖానికి చామనఛాయ వేశాను. బూడిద రంగులో కనబడుతున్న చీర దగ్గర కాసేపు ఆగి, ఏదైతేనేం అని ఆకుపచ్చ నింపాను. నాకు ఆ రంగు ఇష్టం, అంతే.

ప్రింటు తీయించి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె ఆ చీరను వేలితో నిమిరింది.

"ఆకుపచ్చ చీరనే బిడ్డా! ఇప్పుడు యాదికొస్తున్నది. గీ కొంగు వట్టుకొనే చర్చికి పోతుంటి."

రంగు నేను వేసిందేనని చెప్పబోయాను. ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఆ వారమంతా కొంగు కబుర్లే. ఆ కొంగుకు ముడేసిన పుట్నాలట, ఆ కొంగుతోనే ముక్కు తుడిచేదట. వింటున్నంతసేపూ నాకు సిగ్గుగా, భయంగా ఉండేది.

ఆదివారం ఆసిఫాబాద్ నుంచి పెద్దమ్మ వచ్చింది. అవ్వకు అక్క, ఎనిమిదేళ్లు పెద్దది. అన్నీ గుర్తున్న మనిషి, పైగా ఉన్నమాట మొహం మీదే అనేస్తుంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అవ్వ గబగబా ఫొటో తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"అక్కా, గీ ఆకుపచ్చ చీర నాకు మంచిగ యాదికున్నది. నీకు లేదా?"

పెద్దమ్మ ఫొటో చూసింది. చెల్లెలి వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నేను తల దించుకున్నాను.

"ఎందుకు లేదే? గదే చీర. గా కొంగు ఇడిసిపెడ్తివా నువ్వు ఎన్నడన్న?" అంది.

అవ్వ చిన్నపిల్లలా నవ్వింది.

సాయంత్రం పెద్దమ్మను బస్సెక్కించడానికి వెళ్లాను. తప్పయిందని చెప్పబోతే చేత్తో ఆపింది.

"దానికి గట్లనే ఉండనియ్యి. నాకు జర ఇంకొకటి చేసియ్యి బిడ్డా. అండ్ల చీర అల్లనేరేడు రంగుండాలె. పసుపు అంచు, సన్నగ."

సరేనన్నాను. బస్సు కదిలేముందు కిటికీలోంచి మళ్లీ పిలిచింది.

"గా చీరనే కట్టి అమ్మను సమాధి చేసినం. అంచు మంచిగ వెయ్యి."